ఎనిమిది వేల గిటార్‌కి పికప్‌లు మారిస్తే సౌండ్ బాగుపడుతుందా?

మార్చకండి. కనీసం ఇప్పుడే మార్చకండి.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ఎనిమిది వేలకి మూడు సింగిల్ కాయిల్ పికప్‌లున్న ఎలక్ట్రిక్ గిటార్ కొన్నారు. పికప్ అంటే తీగల కంపనాన్ని పట్టి ఆంప్‌కి పంపే అయస్కాంతమూ, కాయిలూ; కాయిల్ ఒక్కటే ఉంటే సింగిల్ కాయిల్. ఆంప్‌కి పెట్టగానే గుయ్‌మని ఒకటే హమ్, వాల్యూమ్ తిప్పితే గరగర. ఆన్‌లైన్‌లో ఆరు వేల పికప్‌ల సెట్టు చూసి పెట్టుకున్నారు. అది బిగిస్తే ఖరీదైన గిటార్‌లా మోగుతుందా, వైరింగ్ ఇంట్లో చేసుకోవచ్చా అని అడుగుతున్నారు. వైరింగ్ నిక్షేపంగా ఇంట్లోనే చేసుకోవచ్చు. ఆ ఆరు వేలు మాత్రం జేబులోనే ఉండనివ్వండి. చవక గిటార్లలో పికప్ చెడ్డది కావడం తక్కువ. దాని చుట్టూ చేసిన పనే చెడ్డది.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇటు గజపతి జిల్లా కొండ ఊళ్ళ చర్చిలవాళ్ళూ, అటు శ్రీకాకుళం జిల్లా పెళ్ళిళ్ళకి వాయించే ఆర్కెస్ట్రా కుర్రాళ్ళూ గిటార్ మూగబోతే మా ఇంటికే పట్టుకొస్తారు. మా చిన్నాన్న రేడియోలు బాగుచేసేవారు, టంకం పెట్టడం ఆయన దగ్గరే అబ్బింది నాకు. ఇప్పుడు ఏ వీధిలో చూసినా సెల్‌ఫోన్ షాపే గానీ, ఊడిన వైరుని వెతికి అతికించే మనిషి కావాలంటే దొరకడు. డిస్‌ప్లే మార్చడమే రిపేరు అనుకునే రోజులు వచ్చాయి. గిటార్‌కీ అదే పద్ధతి పట్టింది. విప్పి చూడరు, పార్టు మార్చేస్తారు.

కిందటి డిసెంబరులో, సెమీ క్రిస్మస్ దగ్గర పడ్డాక, మా వీధి చివరింటి కుర్రాడు గిటార్ తెచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు. ప్రాక్టీసులో క్వయర్ పాట కన్నా వీడి గిటార్ హమ్మే ఎక్కువ వినిపిస్తోందని పాస్టరుగారు వీణ్ణి వెనక వరసలోకి పంపేశారట. మొహం చిన్నబోయింది. "మావయ్యా, పికప్‌లకి ఆర్డర్ పెట్టీసేను. రేపు వచ్చేస్తాది, నువ్వు బిగించీ" అన్నాడు. "ముందు ఉన్నదాంట్లో ఏటుందో చూద్దాం రా" అని కూర్చోబెట్టాను.

విప్పకముందే చేయాల్సిన పరీక్ష ఒకటుంది, మీరూ చేయండి. ఆంప్ ఆన్‌లో పెట్టి, గిటార్‌లోకి దూర్చిన జాక్ ఇనుప భాగాన్ని వేలితో ముట్టుకోండి. హమ్ తగ్గుతుంది. ఇప్పుడు తీగల్ని ముట్టుకోండి. అప్పుడూ అంతే తగ్గితే సరే. జాక్ ముట్టుకుంటే తగ్గి, తీగలు ముట్టుకుంటే తగ్గకపోతే బ్రిడ్జ్‌కి, అంటే తీగల కింది కొసలు ఆనే ఇనుప భాగానికి, వెళ్ళాల్సిన ఎర్త్ వైరు తెగినట్టే. తీగలు ముట్టుకుంటే హమ్ ఇంకా పెరిగిందంటే జాక్ దగ్గర రెండు వైర్లూ తారుమారయ్యాయి. ఈ పరీక్షకి రూపాయి ఖర్చు లేదు. పికప్‌లు అమ్మేవాడు మాత్రం దీని మాటెత్తడు.

వాడి గిటార్‌లో తీగలు ముట్టుకున్నా చుక్క తేడా లేదు. వెనక మూత తీశాం. స్ప్రింగులు తగిలించే ఇనుప పట్టీ ఉంటుంది కదా, ఎర్త్ వైరుని దానికి టంకం పెట్టాలి. అక్కడ టంకమే లేదు. వైరు కొస గీకి, పట్టీకీ చెక్కకీ మధ్య కుక్కి వదిలేశారు. పట్టీ మీదేమో నల్ల పెయింటు. మల్టీమీటర్‌ని బీప్‌లో (దారి తెగకుండా ఉంటే మోగే సెట్టింగు) పెట్టి ఒక కొస వైరు మీద, ఇంకో కొస తీగ మీద ఆనిస్తే చప్పుడే లేదు. చిన్న ఆకురాయితో పెయింటు గీకి, తెల్లగా ఇనుము కనిపించేదాకా రుద్దాను. 25 వాట్ల టంకం ఐరన్ అక్కడ పనికిరాదు, పట్టీ వేడినంతా లాగేసుకుంటుంది. చిన్నాన్న వాడిన 60 వాట్ల కొయ్యపిడి ఐరన్ తీసి, బాగా కాలాక పట్టీ మీద ఆనించి పట్టుకుంటే సీసం కరిగి పట్టీ మీద పల్చగా పరుచుకుంది. అలా పరుచుకుంటేనే టంకం పట్టినట్టు. గుండ్రంగా, బూడిద రంగులో ముద్దలా నిలబడితే అది పట్టలేదు, ఇవాళ కాకపోతే రేపు ఊడుతుంది. చవక గిటార్ల వాల్యూమ్ కంట్రోల్ వీపు మీద అన్నీ ఇలాంటి ముద్దలే.

ఆ ఒక్క వైరుతో సగం హమ్ పోయింది. అసలు సంతోషం ఆ తర్వాత.

వాడి పికప్‌లు మూడూ అచ్చుగుద్దినట్టు ఒకటే. ఇలాంటి గిటార్‌లో మధ్య పికప్ మిగతా రెండింటికీ తిరగేసి ఉండాలి. అయస్కాంతం ధృవమూ, కాయిల్ చుట్టిన దిశా రెండూ వ్యతిరేకంగా ఉంటే, ఏ పికప్ మోగాలో ఎంచే సెలెక్టర్ స్విచ్ 2, 4 స్థానాల్లో రెండు పికప్‌లు కలిసినప్పుడు కరెంటు హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగ శబ్దం మాత్రం కలిసి పెరుగుతుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ చేసిన హంబకర్ (రెండు కాయిల్స్‌తో హమ్ కొట్టేసే పికప్) సూత్రమూ ఇదే. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చినప్పుడు దానికి మూడు స్థానాల స్విచ్చే ఉండేది. వాయించేవాళ్ళు స్విచ్‌ని మధ్యలో ఇరికించి మరీ ఆ రెండు పికప్‌ల కలగలుపు రాబట్టుకునేవారు. చివరికి 1977లో కంపెనీయే ఐదు స్థానాల స్విచ్ పెట్టింది.

చవక పికప్ కాబట్టే ఇక్కడ మనకో లాభముంది. ఖరీదైన సింగిల్ కాయిల్‌లో ఆరు కడ్డీలే అయస్కాంతాలు, వాటిని కదిపితే కాయిల్ తీగ తెగుతుంది. చవకదాంట్లో కడ్డీలు ఉత్త ఇనుము. అడుగున ఒక సిరామిక్ అయస్కాంతం పట్టీ జిగురుతో అంటించి ఉంటుంది. దాన్ని ఊడదీసి తిరగేసి మళ్ళీ అంటించవచ్చు. మా ఆవిడ హెయిర్ డ్రయర్‌తో జిగురు మెత్తబరిచి, పాత షేవింగ్ బ్లేడు నెమ్మదిగా దూర్చి మధ్య పికప్ పట్టీ లేపాను. లేపేముందు పైవైపు మార్కర్‌తో గీత పెట్టుకోవాలి, లేకపోతే ఏది తిరగేశామో తెలియదు. కుర్రాడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. కాయిల్ తీగ మందం 0.063 మిల్లీమీటర్, వెంట్రుకలాంటిది. బ్లేడు అటు జారిందా, పికప్ పోయినట్టే. పట్టీ తిరగేసి అంటించాక ఆ పికప్ వైర్లు రెండూ తారుమారు చేశాను: స్విచ్‌కి వెళ్ళేది ఎర్త్‌కి, ఎర్త్‌ది స్విచ్‌కి. రెండూ చేయాలి. ఒక్కటే చేస్తే ఆ రెండు స్థానాల్లో సౌండ్ పల్చబడి ముక్కుతో పాడినట్టు వస్తుంది.

తీగలెక్కించి స్విచ్ రెండో స్థానంలో పెట్టాం. హమ్ లేదు. "మావయ్యా, ఆంప్ ఆగిపోయిందేటి?" అన్నాడు. "మీటు" అన్నాను. మీటాడు. వాడి మొహం చూడాలి అప్పుడు! ఆర్డర్ పెట్టిన సెట్టు మర్నాడు వస్తే అట్టపెట్టె విప్పకుండానే వెనక్కి పంపేశాడు. సెమీ క్రిస్మస్‌లో ముందు వరసలో నిలబడి వాయించాడు.

మిగతావి గబగబా చెప్తాను. పిక్‌గార్డు (గిటార్ ముందు ప్లాస్టిక్ పలక) వెనకా, లోపలి గుంతలోనూ రాగి టేపు అంటించి ఎర్త్‌కి కలపండి. ముక్కకీ ముక్కకీ మధ్య బీప్ రాకపోతే అతుకుల దగ్గర ఒక్కో టంకం చుక్క వేయండి. వంటింటి అల్యూమినియం ఫాయిల్ వద్దు, దానికి మామూలు టంకం పట్టదు. వాల్యూమ్ కంట్రోల్ గరగరలాడితే ముందు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు తిప్పండి. మార్చక తప్పకపోతే సింగిల్ కాయిల్‌కి 250కె (కిలో ఓమ్‌ల) కంట్రోల్ కావాలి. మన రేడియో షాపుల్లో అది దొరక్క 220కె ఇస్తారు, నిశ్చింతగా పెట్టేయండి. ఈ కంట్రోళ్ళలో 20 శాతం అటూఇటూ మామూలే, చెవికి తేడా తెలియదు. వాల్యూమ్ తగ్గిస్తే సౌండ్ మొద్దుబారుతోందా? వాల్యూమ్ కంట్రోల్ ఇన్‌పుట్ కాలుకీ మధ్య కాలుకీ నడుమ 102 అని రాసున్న కండెన్సరూ, 150కె రెసిస్టరూ పక్కపక్కన కలిపి పెట్టండి. టోన్‌కి నాలుగు రూపాయల ఆకుపచ్చ కండెన్సర్ చాలు, 473 గానీ 223 గానీ. వందలు పోసి నారింజ రంగు కండెన్సర్ కొనేవాళ్ళని చూస్తే బాధేస్తుంది. టోన్ నాబ్ పూర్తిగా తెరిచి వాయించేవాడికి దాంతో పనేముంది?

ఎత్తు మాత్రం మర్చిపోకండి. పికప్ తీగలకి బాగా దగ్గరైతే అయస్కాంతం తీగని లాగి శ్రుతి వంకర పోతుంది. చివరి ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు కమ్మీ) దగ్గర తీగ నొక్కి పట్టి, కడ్డీకీ తీగకీ సందు సన్న తీగ వైపు 2 మిల్లీమీటర్లు, లావు తీగ వైపు ఇంకాస్త ఎక్కువ ఉంచండి. స్క్రూడ్రైవర్‌తో అయిపోయే ఈ పని వల్ల వచ్చే తేడా పికప్ మార్చినా రాదు.

ఇక మీరు అడగనిది. మీ హమ్‌లో సగం గిటార్‌ది కాకపోవచ్చు, మీ ఇంటి ఎర్తింగ్‌ది. మా వైపు పెళ్ళి పందిళ్ళలో, కొండ మీది చర్చిల్లో జనరేటర్ కరెంటుతో వాయించాలి. టెంట్ హౌస్‌వాళ్ళు మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసి రెండు పిన్నుల బోర్డుకి పెడతారు. అడిగితే "ఎప్పుడూ ఇలాగే పెడతాం బాబూ" అంటారు. అప్పుడు చేయి తీగల మీదుండి పెదవి మైకుకి తగిలితే చురుక్కుమంటుంది. నవ్వి ఊరుకునే విషయం కాదు ఇది. స్టోన్ ది క్రోస్ బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వే 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో, ఎర్త్ సరిగా లేని మైకు పట్టుకుని స్టేజి మీదే షాక్ కొట్టి చనిపోయాడు. మనం తీగలకి వేసే ఎర్త్ వైరు ఆంప్ దాకానే. ఆంప్ నుంచి భూమిలోకి దారి లేకపోతే ఆ వైరే మనిషికి కరెంటు తెస్తుంది. పికప్‌లకి దాచిన డబ్బులో కొంత తీసి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించండి, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపేసే స్విచ్) పెట్టించండి. ఈ మాట నేను చాలామందికి చెప్పాను. పికప్ గురించి గంటలు మాట్లాడతారు, దీని గురించి వినరు.

డబ్బు ఇంకా మిగిలితే నట్, అంటే మెడ చివర తీగలు ఆనే చిన్న పట్టీ, మార్చండి. చవక గిటార్లలో అది బోలు ప్లాస్టిక్. మా ఊరు కొమ్ము పనికి పేరు, నాది ఇక్కడి పనివాడి చేతే కొమ్ముతో చెక్కించుకున్నాను. తీగ సాగదీసి వదిలితే శ్రుతికి తిరిగొస్తోంది.

ఇవన్నీ చేశాక కూడా డిస్టార్షన్‌లో (సౌండ్‌ని కరకుగా చేసే ఎఫెక్ట్) బ్రిడ్జ్ పికప్ మరీ పల్చగా ఉందనిపిస్తే ఆ ఒక్కటే మార్చండి. సింగిల్ కాయిల్ సైజులోనే రెండు పట్టీల హంబకర్ దొరుకుతుంది, చెక్క చెక్కక్కర్లేదు. దానికి నాలుగు వైర్లుంటాయి, రంగులు కంపెనీకో రకం. ఏదో వీడియోలో చూసిన రంగులు కాకుండా పెట్టెలో వచ్చిన కాగితం చూసి కలపండి. బిగించాక స్విచ్ రెండో స్థానంలో సౌండ్ పల్చబడితే కొత్తదాని ఎర్త్ వైరూ, స్విచ్ వైరూ తారుమారు చేయండి. పైతొడుగు లేని జాలీ వైరు మాత్రం ఎర్త్‌కే ఉండాలి.