రెండు ప్లాట్లు కలిపి అమ్మాలా, విడివిడిగానా?

అమ్మడూ,

పక్కపక్కనున్న రెండు ప్లాట్లూ ఒకటి చేసి అమ్మితే మంచి రేటొస్తుందని బ్రోకర్ అన్నాడని నిన్న ఫోన్లో చెప్పావు కదా, అప్పుడే చెప్దామనుకున్నా గానీ నువ్వు హడావిడిలో ఉన్నావు, అందుకే రాస్తున్నా. తొందరపడకు. కలపడం ఓ అప్లికేషను, నాలుగు సంతకాల పని. మళ్ళీ విడగొట్టాలంటే మాత్రం సర్వే చేయించాలి, పర్మిషన్ అడగాలి, ఈలోపు ప్లాటుకి ఉండాల్సిన కనీస సైజు పెంచారనుకో, ఒకప్పుడు రెండుగా ఉన్నదే అయినా ఇక రెండు చెయ్యనివ్వరు.

నాకు తగిలిన దెబ్బ అదే. నా రెండు ప్లాట్లూ కలిపించేసి మధ్యలో హద్దురాయి కూడా పీకించేశా, ఏదో పెద్ద ఆస్తిపరుణ్ణైపోయినట్టు. తర్వాత వచ్చినోళ్ళంతా ఒక ఇల్లు కట్టుకునేవాళ్ళే, "సగం ఇస్తారా అండీ" అని అడగడం, నేను నసగడం. ఆ రాయి పీకిన గుంటలో వాన నీళ్ళు నిలిచి చుట్టూ గడ్డి మొలిచి, వచ్చిన ప్రతివాడూ ఈ గుంటేంటి అని అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు. చివరికి రేటు తగ్గించే అమ్మా. స్థలం పెద్దదయ్యేకొద్దీ మొత్తం పెరుగుతుంది గానీ చదరపు అడుక్కి ఇచ్చేది మామూలుగా తగ్గుతుంది, అంత డబ్బు ఒకేసారి పెట్టేవాళ్ళు తక్కువ కదా.

మరి ఎప్పుడు కలపాలీ అంటే, విడిగా కట్టలేనిది కలిస్తే కట్టగలిగినప్పుడు. ఒక్కోటి 40 అడుగుల వెడల్పు అనుకో, రెండు పక్కలా 5 అడుగుల చొప్పున కట్టకుండా ఖాళీ వదలాలనుకో. విడిగా అయితే మిగిలేది 30, 30, మొత్తం 60. కలిపితే 80లో 10 పోను 70. లోతు 45 అడుగులు కట్టుకోగలిగితే ఒక్క అంతస్తుకే 450 చదరపు అడుగులు కలిసొచ్చినట్టు. అపార్ట్‌మెంట్ కట్టేవాడికి ఇది బంగారం, సొంతిల్లు కట్టుకునేవాడికి అక్కర్లేదు. కాకపోతే స్థలం పెద్దదైతే వదలాల్సిన ఖాళీ కూడా పెరిగే రూల్ కొన్నిచోట్ల ఉంటుంది, అది ముందు కనుక్కో, లేకపోతే ఈ లెక్కంతా తుస్సే. ఒక ప్లాటుకి దారి లేకపోయినా, ఒకటి మరీ ఇరుగ్గా ఉన్నా కళ్ళు మూసుకుని కలిపెయ్.

ఇంకోటి, మధ్య హద్దు వెంబడి డ్రైనేజీ పైపో కరెంటు కేబులో పోతోందేమో చూడు. ప్లాట్లు కలిపినంత మాత్రాన దాని మీద ఆ లైను వేసినవాళ్ళకున్న హక్కు పోదు, మిగిలిందనుకున్న ఆ 10 అడుగులూ అదే మింగేస్తుంది. అలాగే ఒక దస్తావేజు మీ అమ్మ పేరు మీదున్నట్టు గుర్తు, రెండూ ఒకే పేరు మీదకి రాకుండా కలపడం కుదరకపోవచ్చు. ఏదైనా లోన్లో ఉంటే బ్యాంకుని అడక్కుండా ముట్టుకోకు.

నన్నడిగితే రెండూ విడిగానే ఉంచి ఒకేసారి అమ్మకానికి పెట్టు, ఒకటైనా ఇస్తాం రెండైనా ఇస్తాం అని. ముందు ఆ పక్క స్థలం ఆయన్ని కదిలించు, తన గోడకి ఆనుకున్నది కాబట్టి బయటోడి కంటే ఆయనకే ఎక్కువ అవసరం. బిల్డర్ ఎవరైనా కలిపే కావాలంటే అడ్వాన్సు ఇచ్చాక, ఖర్చు అతనిదే అని అగ్రిమెంట్‌లో రాయించాక అప్పుడు సంతకం పెట్టు. ఒక్కటే అమ్మాల్సొస్తే మాత్రం కార్నర్‌ది ముందు ఇచ్చెయ్యకు, రెండోది మిగిలితే అడిగేవాడుండడు. రెండూ వేరే వేరే సంవత్సరాల్లో అమ్మితే పన్ను ఏమైనా తగ్గుతుందా అని ఆడిటర్‌ని అడుగు.

దస్తావేజులు రెండూ ఫొటో తీసి పంపు, ప్రతి పేజీ, వెనకవైపు కూడా. ఆదివారం టేపు పట్టుకుని ఓసారి వెళ్ళి కొలిచి రా, తోడు ఒక మనిషిని తీసుకెళ్ళు, ఒక్కదానివే పడితే టేపు వంకరపోతుంది. మధ్య రాయి ఉందో లేదో చూడు, ఉంటే దాని జోలికి వెళ్ళకు.

మీ బాబాయి