బ్యాడ్జీ ఊడాలి, పెయింట్ నిలవాలి

ప్రశ్న: మా తెల్ల కారు డిక్కీ మీద షోరూమ్ వాళ్లు తమ పేరున్న క్రోమ్ బ్యాడ్జీ అంటించి ఇచ్చారు. ఏడేళ్లయింది. దాన్నీ, పక్కనున్న వేరియంట్ అక్షరాల్నీ తీసేద్దామనుకుంటున్నాం. స్క్రూడ్రైవర్ పెట్టి లేపేస్తే రెండు నిమిషాల పని అంటున్నాడు మెకానిక్. లేపించవచ్చా? (కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: దయచేసి ఆ స్క్రూడ్రైవర్‌ని దగ్గరికి రానివ్వకండి. కంపెనీ పెయింట్ అన్ని పొరలూ కలిపినా సాధారణంగా వంద నుంచి నూట నలభై మైక్రాన్లే ఉంటుంది. అంటే మిల్లీమీటరులో పదో వంతు చిల్లర. బ్యాడ్జీని లేపేటప్పుడు బలమంతా స్క్రూడ్రైవర్ మొన మీద, ఆ మొన ఆనుకున్న పెయింట్ మీద పడుతుంది. ఒక్క నొక్కుకి రేకు బయటపడుతుంది. మీది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి ఆ చుక్క తుప్పు పట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు.

బ్యాడ్జీకీ పెయింట్‌కీ మధ్య ఉండేది మందపాటి ఫోమ్ డబుల్ సైడ్ టేప్. మనం చేయాల్సింది బ్యాడ్జీని పీకడం కాదు, ఆ ఫోమ్‌ని అడ్డంగా కోయడం. దానికి చేపల గాలం దారాన్ని మించింది లేదు. అర మిల్లీమీటరు లోపు మందం ఉన్న నైలాన్ దారం రెండు మీటర్లు, మాస్కింగ్ టేప్, కార్ షాంపూ, ఒక పాత ఏటీఎం కార్డు, హెయిర్ డ్రయర్, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు, కాస్త టర్పెంటైన్ లేదా కిరసనాయిలు దగ్గర పెట్టుకోండి. పళ్ల సందుల్లో వాడే ఫ్లాస్ కూడా పనికొస్తుంది గానీ ఊరికే తెగుతుంది.

ముందు డిక్కీ లోపలి ట్రిమ్ (రేకుని కప్పి ఉండే తొడుగు) విప్పించి చూడండి. కొన్ని బ్యాడ్జీలకు వెనక రెండు చిన్న పిన్నులుంటాయి, అవి రేకులోని రంధ్రాల్లో దిగి ఉంటాయి. పిన్నులుంటే బ్యాడ్జీ తీశాక రంధ్రాలు మిగులుతాయి, వాటిని పూడ్చి పెయింట్ వేయించాలి. అలాంటప్పుడు తీయకపోవడమే మేలు. షోరూమ్ బ్యాడ్జీలకు మామూలుగా పిన్నులుండవు.

తర్వాత ఆ భాగాన్ని షాంపూతో కడిగి, అక్షరాల సందుల్లో ఏడేళ్లుగా పేరుకున్న మట్టిని పాత టూత్‌బ్రష్‌తో తీయండి. ఈ పని వదిలేస్తే దారంతోపాటు ఇసుక రేణువులు కదిలి గీతలు పడతాయి. తుడిచాక చుట్టూ మాస్కింగ్ టేప్ వేయండి. బ్యాడ్జీ మీదుగా కూడా అడ్డంగా ఒక ముక్క వేస్తే ఊడినప్పుడు జారి బంపర్‌ని గీకదు.

ఎండాకాలమైతే కారుని గంటసేపు ఎండలో నిలబెడితే చాలు. లేకపోతే హెయిర్ డ్రయర్‌ని జానెడు దూరంలో పట్టుకుని, ఒకచోట ఆపకుండా రెండు మూడు నిమిషాలు తిప్పండి. రేకు మీద చెయ్యి పెడితే చురుక్కుమనాలి, కానీ రెండు మూడు సెకన్లు ఉంచగలగాలి. అంతకు మించిన వేడి అక్కర్లేదు. హీట్ గన్ జోలికి వెళ్లకండి, అలవాటు లేని చేతిలో అది పెయింట్‌ని బుడగలెత్తిస్తుంది.

ఇప్పుడు దారాన్ని రెండడుగుల ముక్కగా కోసి, రెండు చివరలా పెన్సిల్ ముక్కలు కట్టుకోండి. వేళ్లకు చుట్టుకుంటే దారం కోసుకుపోతుంది. బ్యాడ్జీ చుట్టూ షాంపూ నీళ్లు చల్లి, పై అంచు నుంచి దారాన్ని వెనక్కి దించి రంపం లాగినట్టు అటూ ఇటూ లాగండి. ఇక్కడ ఒక కిటుకుంది. దారం చివరల్ని మీ వైపుకి కొద్దిగా లాగి పట్టుకుంటే అది బ్యాడ్జీ వీపుని రాసుకుంటూ దిగుతుంది, పెయింట్‌ని కాదు. కొంతదూరం దిగి ఆగిపోతే ఫోమ్ చల్లబడిందన్నమాట. మళ్లీ వేడి చేయండి. వేడి చేసినా ఒకేచోట ఆగుతుంటే అక్కడ పిన్ను ఉందేమోనని అనుమానించండి. బలం మాత్రం పెట్టొద్దు.

బ్యాడ్జీ వచ్చేశాక నల్లటి ఫోమ్ తుక్కు మిగులుతుంది. దాన్ని గోటితో గీకకండి. మళ్లీ వేడి చేసి బొటనవేలితో దొర్లిస్తే సన్నటి వత్తుల్లా చుట్టుకుని వస్తుంది. పెద్ద ముక్కల్ని ఏటీఎం కార్డు అంచుతో తోయండి. మిగిలిన జిగురు మీద టర్పెంటైన్‌తో తడిపిన గుడ్డని ఐదు నిమిషాలు ఉంచి తుడవండి. మూడు నాలుగుసార్లు చేయాల్సి వస్తుంది. ఈ పని నీడలో, రేకు పూర్తిగా చల్లారాక, దగ్గర్లో నిప్పు లేకుండా చేయండి. ఎండలో అయితే జిగురు కరిగేలోపే టర్పెంటైన్ ఆరిపోతుంది. ఆఖర్న షాంపూతో కడిగేయండి, లేకపోతే జిడ్డు పొర మిగిలి దుమ్ము పడుతుంది.

ప్రశ్న: బ్యాడ్జీ జిగురు పోవడానికి పెయింట్ షాపులో దొరికే థిన్నర్ వాడాను. అక్కడ పాలిపోయి, ముట్టుకుంటే బంకలా ఉంది. పోయిన ఏడాది డిక్కీకి సొట్ట పడితే టింకరింగ్, పెయింటింగ్ చేయించాం. ఇప్పుడేం చేయాలి? (ఖమ్మం)

జవాబు: జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ఫ్యాక్టరీలో పెయింట్‌ని నూట ముప్పై, నూట నలభై డిగ్రీల వేడిలో కాలుస్తారు, అది గట్టిగా ఉంటుంది. బయట షెడ్డులో వేసిన పెయింట్ అంత గట్టిపడదు, థిన్నర్ తగలగానే మెత్తబడుతుంది. ఇక దాన్ని ముట్టుకోకండి, తుడవకండి. రెండు మూడు రోజులు నీడలో వదిలేయండి. బంకతనం పోయి గట్టిపడితే మెత్తటి పాలిష్‌తో చేత్తోనే రుద్ది చూడండి, పైపైన పాలిపోయినదైతే మెరుపు తిరిగొస్తుంది. ముడతలు కనిపించినా, గోరుకి ఎగుడుదిగుడుగా తగిలినా ఆ భాగానికి మళ్లీ పెయింట్ వేయించక తప్పదు.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు ముందే చూసుకోవాల్సిన విషయమిది. డిక్కీ రబ్బరు బీడింగ్ మీద రంగు తుంపర్లున్నా, కీలు బోల్టుల మీద పెయింట్ పగిలి కనిపించినా అది బహుశా మళ్లీ రంగు వేసిన డిక్కీ. దాని కింద పుట్టీ కూడా ఉండవచ్చు. అలాంటిచోట బ్యాడ్జీని చేత్తో లాగితే పుట్టీతో సహా పెచ్చు ఊడొస్తుంది. గాలం దారం ఒక్కటే గతి. థిన్నర్, పెట్రోలు, గోళ్ల రంగు తుడిచే ద్రవం మాత్రం ఏ కారుకీ వద్దు.

ప్రశ్న: పదేళ్ల ఎర్ర కారు. అక్షరాలు తీసేశాం గానీ వాటి ఆకారం అలాగే కనిపిస్తోంది. పోదా? (వరంగల్)

జవాబు: వేలితో తడిమి చూడండి. అంచు తగిలితే అది మిగిలిన జిగురు, మట్టి. శుభ్రం చేస్తే పోతుంది. నున్నగా ఉండి రంగు తేడా మాత్రమే కనిపిస్తే చుట్టూ ఉన్న పెయింట్ ఎండకు వెలిసిందన్నమాట. బ్యాడ్జీ కింద ఉన్నదే అసలు రంగు. రబ్బింగ్ కాంపౌండ్‌తో (పెయింట్ పై పొరని కాస్త అరగదీసే ముద్ద) చుట్టుపక్కల రుద్ది, ఆపైన పాలిష్ పెడితే తేడా తగ్గుతుంది. రెండు విడతలు చేశాక ఆగి చూడండి. రంగు మీద ఉండే పారదర్శకమైన లక్కర్ పొర నలభై మైక్రాన్ల మేరే ఉంటుంది, అదే పనిగా రుద్దితే అది కాస్తా అరిగిపోతుంది. లక్కర్ కింది రంగే వెలిసి ఉంటే పాలిష్‌తో రాదు. అదే కొలతలో కొత్త బ్యాడ్జీ అంటించడం తేలిక.

ప్రశ్న: ముందు గ్రిల్ మీది లోగోని కూడా ఇలాగే తీయవచ్చా? (గుంటూరు)

జవాబు: వద్దు. చాలా కార్లలో అది క్లిప్పులతో గ్రిల్‌కి బిగించి ఉంటుంది. కొన్ని కొత్త మోడళ్లలో ఆ లోగో వెనకే ముందున్న వాహనాన్ని పసిగట్టే రాడార్ ఉంటుంది. తీసినా, మార్చినా, పైన స్టిక్కర్ వేసినా రాడార్ సరిగా పనిచేయకపోవచ్చు.

ప్రశ్న: ఇక్కడ కూడా డీలర్లు తమ బ్యాడ్జీ అంటిస్తారు. చలికాలంలో తీయవచ్చా? (న్యూజెర్సీ)

జవాబు: గరాజ్‌లో పెట్టుకుని తీయండి. గడ్డకట్టే చలిలో ప్లాస్టిక్ బ్యాడ్జీ పెళుసెక్కి ముక్కలవుతుంది, ఫోమ్ రాయిలా ఉంటుంది. వేడినీళ్లు పోస్తే త్వరగా అవుతుందనిపిస్తుంది గానీ పక్కనే వెనక అద్దం ఉంది. చల్లటి అద్దం మీద మరిగే నీళ్లు పడితే పగలవచ్చు. డ్రయర్‌తోనే నెమ్మదిగా కానివ్వండి.

ప్రశ్న: తీసిన బ్యాడ్జీనే మళ్లీ సరిగ్గా అక్కడే అంటించాలంటే? (విజయవాడ)

జవాబు: తీయకముందే కింది అంచుకీ పక్క అంచుకీ ఆనించి మాస్కింగ్ టేప్ వేసుకోండి, అదే మీ కొలబద్ద. బ్యాడ్జీ వెనక పాత ఫోమ్ మొత్తం తీసి, సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉన్న ఆక్రిలిక్ ఫోమ్ టేప్‌ని అక్షరాల ఆకారానికి కత్తిరించి అంటించండి. సూపర్ గ్లూ వాడితే మళ్లీ ఎప్పుడైనా తీయాల్సి వచ్చినప్పుడు పెయింట్ దానితోపాటే లేస్తుంది. రేకుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి తుడిచి ఆరనివ్వండి. ఒకసారి ఆనిస్తే మళ్లీ జరపలేరు కాబట్టి గురి చూసుకుని ఆనించి, పావు నిమిషం గట్టిగా అదమండి. టేప్ పూర్తి పట్టు రావడానికి మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా ప్రెషర్ వాటర్ పెట్టి కడిగించకండి.