తేటనీటి చెరువులో కొరమీను గాలం: మేనల్లుడికి లేఖ

విల్లివాక్కం, చెన్నై

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీవు పంపిన సందేశం రెండుసార్లు చదివాను. వరుసగా నాలుగు ఆదివారాలు తిరువళ్లూరు వైపు చెరువుకు వెళ్లినా, కొరమీనులు కంటికి కనిపిస్తూనే ఉన్నా ఒక్కటీ ఎర ముట్టలేదని రాశావు. ఇంకా ఖరీదైన రీల్ కొంటే ఫలితం ఉంటుందా అని అడిగావు. కొనవద్దు. ఉన్న సామగ్రి చాలు. తేటనీటిలో చేప నీకు కనిపించిందంటే అంతకు ముందే నీవు దాని కంట పడ్డావని అర్థం. నీవు పంపిన ఫోటోలో తెల్లచొక్కా వేసుకుని, ఉదయపు ఎండ వీపున పడుతుండగా, కట్టమీద నిటారుగా నిలబడి ఉన్నావు. నీ నీడ నీకన్నా పది అడుగులు ముందుగా నీటిలోకి దిగింది. ఇక రీల్ ఏం చేస్తుంది?

ఈ సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మిగిలినదంతా దీనిమీదే ఆధారపడి ఉంది. నీటిలోంచి పైకి చూసే చేపకు బయటి ప్రపంచమంతా ఒక గుండ్రని కిటికీలోంచి కనిపిస్తుంది. కాంతి నీటిలోకి దిగేటప్పుడు వంగుతుంది కాబట్టి ఆ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలు. మీటరు లోతున ఉన్న చేపకు అది రెండుంపావు మీటర్ల వెడల్పున ఉంటుంది. దాని వెలుపల నీటిమట్టం అద్దంలా మారి చెరువు అడుగునే తిరిగి చూపిస్తుంది. గట్టుమీద ఉన్న చెట్టూ, గేదే, మనిషీ ఆ కిటికీ అంచున అణగి కనిపిస్తారు. ఎంత దూరంగా, ఎంత పొట్టిగా ఉంటే అంతగా అణగిపోతారు. నేను పాటించే లెక్క ఒకటుంది: చేపకూ నీకూ మధ్య దూరంలో ఆరోవంతుకు మించి నీ తల నీటిమట్టానికి పైన ఉండకూడదు. నీటి అంచున నిలబడితే పది పన్నెండు మీటర్ల దూరం సరిపోతుంది. గొంతుక్కూర్చుంటే ఆరేడు మీటర్లు చాలు. అదే మూడు మీటర్ల ఎత్తున్న కట్టమీద నిలబడితే ముప్పై మీటర్ల దూరం కావాలి, అంత దూరం కచ్చితంగా విసరడం నీకు ఇంకా రాదు. కాబట్టి కట్ట దిగి, తుంగ మొక్కల చాటున కూర్చో. మట్టిరంగు చొక్కా వేసుకో. సూర్యుడు నీ ముఖం వైపో పక్కనో ఉండేలా గట్టును ఎంచుకో. ముఖాన ఎండ పడితే నీటిమీది మెరుపు కళ్లకు కొడుతుంది. అందుకే కొనదలిస్తే ఆ మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు కొనుక్కో. నా దృష్టిలో ఈ పనికి రాడ్ తరువాత అంత అవసరమైన వస్తువు అదే.

రెండవది, ఊపిరి. కొరమీనుకు మొప్పలు మాత్రమే చాలవు. తలలో మొప్పల పైన ఉన్న గదిలోకి గాలి పీల్చుకోవడానికి అది పైకి రాక తప్పదు. ఆ రాకను గుర్తుపట్టడం నేర్చుకుంటే చెరువు సగం అర్థమైనట్లే. జిలేబి చేప మేసేటప్పుడు చిన్న చిన్న బుడగలు వరుసగా లేస్తాయి. కొరమీను వచ్చినప్పుడు ఒకే ఒక వలయం, మధ్యలో ఒకటి రెండు బుడగలు, దగ్గరగా ఉంటే ‘గుబుక్’ అనే చిన్న చప్పుడు. ఊపిరి తీసుకుని వెంటనే తల కిందికి దించుతుంది. ఆ దించేటప్పుడు తోక ఎటు ఊగిందో చూడు, తల దానికి ఎదురు వైపున ఉంటుంది. లూర్‌ను, అంటే ఉత్తుత్తి ఎరను, ఆ వలయం నెత్తిన వేయకూడదు. అది వెళ్లే వైపు రెండు మీటర్లు ముందుగా వేసి, వలయాలు చెదిరేదాకా కదపకుండా ఉంచు. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, చేప ఒంటి అవసరం పెరుగుతుంది, అందువల్ల ఎండాకాలంలో అది తరచుగా పైకి వస్తుంది. చలికాలంలో చాలాసేపు కనిపించదు. చేపలు లేవని లేచి వచ్చేసేవారిలో ఎక్కువమంది జనవరిలో ఓపిక పట్టనివారే.

ఇక కాలాల సంగతి. ఈశాన్య రుతుపవనాలు వెళ్లిపోయి, మట్టి కిందికి దిగి, జనవరి నుంచి మార్చి మొదటి వారాల వరకు మన ప్రాంతపు చెరువులు అద్దంలా ఉంటాయి. అందరికీ ఇష్టమైన కాలం, అన్నిటికన్నా కష్టమైన కాలం కూడా ఇదే. తెల్లవారుజామున లేచి పరుగెత్తనక్కర్లేదు. చలికి చేప మందకొడిగా ఉంటుంది; ఎండ పడి ఒడ్డు నీరు వెచ్చబడ్డాక, తొమ్మిది గంటల నుంచి మధ్యాహ్నం వరకు అది లోతు నుంచి కలువల అంచుకు వస్తుంది. ఈ రోజుల్లో పచ్చటి, పసుప్పచ్చటి పెద్ద లూర్లు పెట్టెలోనే ఉండనీ. వేలెడంత మెత్తని రబ్బరు చేప, గోధుమరంగో బూడిదరంగో, బరువు తక్కువది కట్టి, ఆకుల అంచున పడేసి, నెమ్మదిగా లాగు. నెమ్మది అంటే నీ లెక్కలో నెమ్మది కాదు, రీల్ పిడి ఒక చుట్టు తిరగడానికి మూడు నాలుగు క్షణాలు పట్టాలి. ఖాళీ నీటిలో దారం కనిపిస్తుంది కాబట్టి బ్రెయిడ్ (అల్లిక దారం) చివర రెండు మూడు అడుగుల ఫ్లోరోకార్బన్ దారపు ముక్క, అదే లీడర్, కట్టుకో. దాని వక్రీభవన గుణకం, అంటే కాంతిని వంచే కొలత, సుమారు 1.42, నీటిది 1.33, మామూలు నైలాన్‌కన్నా అది నీటికి దగ్గర, అందుకే అంతగా మెరవదు. అయితే మరీ సన్నని లీడర్ కట్టకు. కొరమీను పళ్లకు అది నిలవదు.

ఒక జనవరిలో నేను గట్టున పడుకున్నంత పనిగా వంగి, ఒక పెద్ద కొరమీను నా రబ్బరు చేప వెనుక నాలుగైదు మీటర్లు రావడం స్పష్టంగా చూశాను. అది ఆగితే నేను ఆగాను, అది కదిలితే నేను లాగాను. ముక్కు దాదాపు తోకకు తగిలింది. ఆ ఉత్సాహంలో బాగా చూద్దామని మోకాళ్లమీద లేచాను, అంతే. అది అక్కడికక్కడే తిరిగి, తోక విసురుకు అడుగు మట్టి పొగలా లేపి పోయింది. మళ్లీ ఆ రోజు ఆ పక్కన ఒక్క వలయం కూడా కనిపించలేదు. లూర్ మంచిదే, లాగిన తీరూ మంచిదే.

ఎండలు ముదిరిన తరువాత నీరు తగ్గుతుంది. కట్ట వేసేటప్పుడు మట్టి తవ్విన గుంటలు, తూము ముందరి లోతు, పాత బావి ఏదైనా మునిగి ఉంటే దాని చుట్టూ, చేపలు అక్కడికే చేరతాయి. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో గాలం లేకుండానే ఒకసారి వెళ్లి, నీరు తగ్గి బయటపడిన నేలను నోటు పుస్తకంలో గీసుకో. ఏ మూల గుంట ఉంది, ఎక్కడ మొద్దు ఉంది, పాత కాలువ ఎటు పోయింది అన్నవి అప్పుడు చూసి పెట్టుకున్నవే నిండు చెరువులో నీకు పనికొస్తాయి. అగ్ని నక్షత్రం రోజుల్లో, రోహిణి కార్తెలో, ఉదయం ఏడున్నర దాటాక అక్కడ ఉండటం చేపకూ నీకూ మంచిది కాదు. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ, ఆకులు దట్టంగా పరచుకున్న చోట బోలు రబ్బరు కప్పను వేయి. ఆకుల మీద ఆడే కప్పకు లీడర్ అవసరం లేదు. దారం ఆకులమీదే ఉంటుంది, చేపకు కనిపించదు. ముప్పై నలభై పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ నేరుగా కట్టు. ఆకులు పగిలి నీరు లేచిన మరుక్షణం రాడ్ గుంజేస్తావు, నాకు తెలుసు, అందరూ అదే చేస్తారు. కప్ప ఒంటరిగా వచ్చి నీ ముఖాన తగులుతుంది. చప్పుడు వినగానే గుంజవద్దు. రాడ్ కొన దించి, దారం బిగిసి పక్కకు జరిగేదాకా ఆగి, అప్పుడు గట్టిగా లాగు. దాని దవడ ఎముక గట్టిది, మెత్తగా లాగితే ముల్లు దిగదు. పట్టిన చేపను వదిలేయదలిస్తే కాలిన కట్టరాళ్లమీద పెట్టవద్దు, చేయి తడుపుకుని పట్టుకో.

జులై నుంచి సాయంత్రపు ఉరుములు మొదలవుతాయి. నీరు కొత్త గడ్డిలోకి ఎక్కితే కొరమీనూ దాని వెంట ఎక్కుతుంది. మోకాలి లోతు కూడా లేని చోట దొరుకుతుంది. నీరు పెరిగేటప్పుడు అంచుకు, తగ్గేటప్పుడు లోతుకు అన్న ఈ ఒక్క సూత్రం వానకే పరిమితం కాదు. కాలువ నీరు అందే చెరువు మబ్బు లేని రోజున కూడా నిండుతుంది. మన నెల్లూరు జిల్లా కండలేరు నుంచి వదిలిన కృష్ణ నీరు, 1996లో మొదటిసారి పూండి చేరిన నీరు, ఈనాటికీ అలాగే ఎండలో వచ్చి పూండి మట్టాన్ని పెంచుతుంది. ఆ నీళ్లే నా కుళాయిలో వస్తాయన్న గర్వం నాకు ఎలాగూ ఉంది. పూండి తాగునీటి జలాశయం కనుక అనుమతి లేకుండా అక్కడ గాలం వేయవద్దు; గట్టున నిలబడి మట్టం పెరిగే రోజున వలయాలు ఎటు జరుగుతాయో మాత్రం చూసి రా.

ఈ వానల కాలంలోనే ఒక విషయంలో నా మాట దాటవద్దు. గాలి లేని చోట, నీటిమీద చాపంత మేర మాత్రం సన్నని తుంపర పడుతున్నట్లు కనిపిస్తే, అది కొరమీను పిల్లల గుంపు. ఎర్రగా, వందల సంఖ్యలో, ఊపిరి కోసం వంతులవారీగా పైకి వచ్చి దిగుతుంటాయి. కింద తల్లీ తండ్రీ రెండూ కాపలా ఉంటాయి. ఆ గుంపు మధ్యలోకి ఏది పడినా అవి కొడతాయి, ఆకలితో కాదు, కోపంతో. అందుకే అక్కడ చేప పట్టడం అన్నిటికన్నా సులువు. వయసులో ఉన్నప్పుడు నేనూ పట్టాను, రెంటినీ పట్టాను, ఇంటికి తెచ్చి పులుసు పెట్టించాను. మరునాడు వెళ్లేసరికి ఆ మూల నీటికాకులు వాలి ఉన్నాయి, ఎర్రటి గుంపు లేదు. ఆ చెరువులో మూడేళ్లు నాకు చెప్పుకోదగ్గ చేప దొరకలేదు. దానికి కారణం అదొక్కటే అని నేను వాదించను గాని, ఆ మూల నుంచి కళ్లు తిప్పుకోవడం ఇప్పటికీ కష్టం. గుంపు కనిపిస్తే దారం చుట్టేసి పక్క గట్టుకు వెళ్లు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నీరు ఎర్రబడుతుంది, నేర్చుకున్న చాటుమాటులు అక్కర్లేదు. వాన ఆగిన రెండు రోజులకు వాగు నీరు చెరువులో కలిసే చోట ఎరుపూ తేటా విడిపోయే గీత కనిపిస్తుంది, ఆ గీత వెంట వేయి. కలుజు, అంటే నిండిన చెరువు నీరు పొర్లిపోయే చోటు, పారుతుంటే దాని దగ్గరకు పోవద్దు. ఇక్కడివారు కలింగల్ అంటారు, పేరేదైనా నాచు పట్టిన రాయి కాలు జారుస్తుంది. ఉరుము వినిపిస్తే రాడ్ నేలమీద పెట్టి చెట్టుకు దూరంగా, కారులోకి వెళ్లి కూర్చో. కార్బన్ రాడ్ విద్యుత్తును పట్టుకుంటుంది.

మరొక్క మాట, చెరువు వేలంపాట ఎవరి పేరున ఉందో ముందుగా అడుగు. చేపల హక్కు పాడుకున్నవాడు డబ్బు కట్టి చేపపిల్లలను చెరువులో వదిలి ఉంటాడు. నేను కొత్త చెరువుకు వెళ్తే మొదట అతనితో టీ తాగుతాను. విరాల్ (కొరమీనుకు ఇక్కడి పేరు) ఏ మూల ఉందో అతనికి తెలిసినట్లు ఎవరికీ తెలియదు, చాలాసార్లు తానే వేలు పెట్టి చూపిస్తాడు.

కాణుం పొంగల్ నాడు చెరువు గట్లన్నీ జనంతో నిండిపోతాయి కనుక ఆ తరువాతి ఆదివారం రా. ఎనిమిది గంటలకు బయలుదేరుదాం, అంతకు ముందు అవసరం లేదు. మొదటి గంట నీ రాడ్ కారులోనే ఉంటుంది. ఇద్దరం తుంగలో కూర్చుని వలయాలు లెక్కపెడదాం. మీ అత్తయ్య పెరుగన్నం కట్టిస్తానంటోంది, ఊరగాయ నీవు తీసుకురా. తెల్లచొక్కా మాత్రం ఇంట్లో వదిలేసి రా.

ఆశీస్సులతో,
మీ మామయ్య