డైవ్ కంప్యూటర్ ల్యాప్‌టాప్‌కు దొరకడం లేదా? ముందు కేబుల్‌ను ఒక్కదాన్నే పరీక్షించండి

పుదుచ్చేరిలో మీరు చేసిన పదకొండు డైవ్‌ల వివరాలు డైవ్ కంప్యూటర్‌లోనే (నీటి అడుగున లోతును, సమయాన్ని నమోదు చేసే పరికరం) ఉండిపోయాయని, కేబుల్ తగిలించిన ప్రతిసారీ విండోస్ 11లో పరికరం దొరకలేదన్న సందేశమే వస్తోందని, సాఫ్ట్‌వేర్‌ను మూడుసార్లు తీసేసి వేసినా ఫలితం లేదని రాశారు. దయచేసి నాలుగోసారి వేయకండి. రెండేళ్ల కిందట చెన్నైలో నేనూ అదే పని చేస్తూ రెండు ఆదివారాలు గడిపాను. చివరికి తేలిందేమిటంటే, సాఫ్ట్‌వేర్‌లో ఏ లోపమూ లేదు.

ఏదైనా ముట్టుకునే ముందు ఒక నోటుపుస్తకం తీసుకోండి. డైవ్ కంప్యూటర్‌లోని లాగ్ తెరిచి ప్రతి డైవ్ తేదీ, గరిష్ఠ లోతు, నీటిలో ఉన్న సమయం, ఉష్ణోగ్రత రాసుకోండి. పాత మోడళ్లలో మెమరీ తక్కువ. అది నిండాక కొత్త డైవ్ వచ్చి అన్నిటికంటే పాతదాన్ని చెరిపేస్తుంది. అందుకే ఇవి బయటికి వచ్చేదాకా ఆ కంప్యూటర్‌తో మళ్లీ నీటిలో దిగవద్దు. రీసెట్, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ జోలికి కూడా పోవద్దు. అప్‌డేట్‌తో పాటు లాగ్ మొత్తం తుడిచిపెట్టుకుపోయే మోడళ్లు కొన్ని ఉన్నాయి.

ఇక అసలు విషయం. మీ కంప్యూటర్‌కు లోహపు చుక్కలు ఉన్నాయని, కేబుల్ వాటిని క్లిప్పులా పట్టుకుంటుందని రాశారు. ఆ రకం కంప్యూటర్లలో చాలావాటికి యూఎస్‌బీ తెలియదు. పాతకాలపు సీరియల్ పద్ధతిలో ఒక్కో బిట్‌నే వరుసగా పంపుతాయి. దాన్ని యూఎస్‌బీగా మార్చే చిప్ కేబుల్‌లోనే ఉంటుంది. ఎఫ్‌టీడీఐ, ప్రొలిఫిక్, సిలికాన్ ల్యాబ్స్ చిప్‌లు ఎక్కువగా కనిపిస్తాయి. ల్యాప్‌టాప్ చూసేది ఆ చిప్‌నే. దానికి అవతల డైవ్ కంప్యూటర్ ఉందో లేదో ల్యాప్‌టాప్‌కు తెలియదు. కాబట్టి క్లిప్పును ఖాళీగా వదిలేసి, కేబుల్ ఒక్కదాన్నే ల్యాప్‌టాప్‌కు పెట్టండి. విండోస్‌లో తగిలించిన పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిచి పోర్టుల విభాగం చూడండి. కామ్ 3 లాంటి పేరుతో కొత్త వరుస ఒకటి వచ్చి, కేబుల్ పీకగానే మాయమైతే ల్యాప్‌టాప్ నుంచి చిప్ దాకా దారి బాగున్నట్టే. పసుపు త్రికోణం కనిపిస్తే డ్రైవర్ (విండోస్‌ను ఆ చిప్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్) సమస్య. అసలేమీ రాకపోతే హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌లోని వేరే పోర్టులో పెట్టి చూడండి. అప్పటికీ రాకపోతే కేబులే పోయిందనుకోవాలి.

నాకు వచ్చింది పసుపు త్రికోణం. తక్కువ ధరకు దొరికిందని కొన్న కేబుల్‌లో, ఎప్పుడో తయారీ ఆపేసిన పాత రకం చిప్ ఉంది. కొత్త విండోస్ డ్రైవర్ దాన్ని ఒప్పుకోదు. పాత డ్రైవర్‌కు వెనక్కి వెళ్తే పనిచేసింది కానీ, విండోస్ అప్‌డేట్ రాగానే మళ్లీ కొత్త డ్రైవరే వచ్చి కూర్చుంది. ఆ కేబుల్ పట్టుకుని చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కు వెళ్లాను. ఒక దుకాణంలో క్లిప్పు వైపు కేబుల్ కోసి, బల్ల మీద ఉన్న తొమ్మిది పిన్నుల సీరియల్ కన్వర్టర్‌కు అతికిస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు, మీరూ ఒప్పుకోవద్దు. అలాంటి కన్వర్టర్ పాటించే ఆర్‌ఎస్-232 ప్రమాణంలో సంకేతం ధన, రుణ దిశల్లో 3 నుంచి 15 వోల్టుల దాకా ఉండవచ్చు. నా డైవ్ కంప్యూటర్ నడిచేది 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ మీద. మధ్యలో వోల్టేజీని తగ్గించే ఏర్పాటు లేకుండా ఆ రెండింటినీ కలిపితే లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. నీటి అడుగున ప్రాణాన్ని అప్పగించే పరికరం మీద అలాంటి ప్రయోగం చేయకూడదు. నీలాంకరైలో మాకు డైవింగ్ నేర్పిన శిక్షకుడి దగ్గర అదే మోడల్ కేబుల్ ఉంటే, ఒక సాయంత్రానికి అడిగి తెచ్చుకున్నాను. మీరు కొత్తది కొనే ముందు అరువు కేబుల్‌తో ఒకసారి చూడండి. డబ్బు మిగలడమే కాదు, లోపం ఎటువైపు ఉందో కూడా తేలిపోతుంది.

ఆ కేబుల్ పెట్టగానే కామ్ పోర్టు వచ్చింది. డైవ్‌లు మాత్రం రాలేదు. అంటే ఇప్పుడు లోపం క్లిప్పుకు, కంప్యూటర్‌కు మధ్య ఉంది. మా అబ్బాయి భూతద్దం తెచ్చి కిటికీ వెలుతురులో చూశాను. దూరం నుంచి తళతళలాడుతున్న మూడు చుక్కల్లో ఒకదాని అంచు చుట్టూ తెల్లటి పొర కట్టి ఉంది. పాలగిన్నె అంచున ఎండిన మీగడలా గట్టిపడిన ఉప్పు అది. ప్రతి డైవ్ తర్వాత మంచినీటిలో ముంచి తీస్తూనే ఉన్నాను. ఒక్క ముంచుతో ఉప్పు పోదని అప్పుడే తెలిసింది. అరగంట మంచినీటిలో నానబెట్టి, మెత్తని పళ్ల బ్రష్‌తో రుద్ది, బాగా తుడిచాక పెన్సిల్ రబ్బరుతో చుక్కల మీద తేలికగా నాలుగుసార్లు రుద్దాను. సూది, బ్లేడు వాడవద్దు. పైపూత గీసుకుపోతే తుప్పు అక్కడే మొదలవుతుంది. క్లిప్పులోని స్ప్రింగు పిన్నులను కూడా వేలితో నొక్కి చూడండి. మూడూ ఒకేలా పైకి లేవాలి. ఒకటి లోపలే ఇరుక్కుంటే, క్లిప్పు చూడటానికి గట్టిగానే పట్టినట్టుంటుంది కానీ చుక్కకు ఆనదు.

శుభ్రం చేశాక వెంటనే తగిలించకండి. చాలా మోడళ్లలో ఆ లోహపు చుక్కలే తడిని పసిగట్టే సెన్సర్లు కూడా. వాటి మధ్య చెమ్మ ఉంటే కంప్యూటర్ నీటిలో ఉన్నానని అనుకుని డైవ్ స్థితిలోకి వెళ్లిపోతుంది, ల్యాప్‌టాప్‌తో మాట్లాడదు. సముద్రం పక్కన ఉన్న మన ఊళ్లో గాలిలో ఎంత తేమ ఉంటుందో మీకు తెలిసిందే. నేను రాత్రంతా ఫ్యాను కింద పెట్టి పొద్దున తగిలించాను. బ్యాటరీ గుర్తు కూడా చూడండి. మామూలు తెరకు సరిపోయే బ్యాటరీ డేటా పంపడానికి చాలకపోవచ్చు. కొన్ని కంప్యూటర్లను బటన్లు నొక్కి మనమే పీసీ స్థితిలో పెట్టాలి. కాసేపటికి అవి వాటంతటవే అందులోంచి బయటికి వచ్చేస్తాయి కనుక, ల్యాప్‌టాప్‌లో అంతా సిద్ధం చేసుకున్నాకే ఆ బటన్లు నొక్కండి.

సాఫ్ట్‌వేర్ వంతు ఇప్పుడు. డివైస్ మేనేజర్‌లో కనిపించిన కామ్ సంఖ్యనే సాఫ్ట్‌వేర్‌లోనూ ఎంచుకోవాలి. ఒక పోర్టును ఒకసారి ఒక ప్రోగ్రామే తెరవగలదు. డైవ్ కంప్యూటర్ తయారీదారు ఇచ్చిన ప్రోగ్రామ్ తెర వెనుక నడుస్తూ ఉంటే రెండోదానికి పోర్టు దొరకదు. నేను వాడేది సబ్‌సర్ఫేస్ అనే డైవ్ లాగ్ ప్రోగ్రామ్. విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా డైవర్. తన లాగ్ కోసం 2011లో దీన్ని మొదలుపెట్టారు. ఉచితం, విండోస్‌లోనూ నడుస్తుంది. లిబ్‌డైవ్‌కంప్యూటర్ అనే లైబ్రరీ సాయంతో ఎన్నో కంపెనీల మోడళ్లను చదువుతుంది. కొత్త డైవ్‌లు లేవని చెబితే, అన్ని డైవ్‌లనూ బలవంతంగా దించుకునే ఎంపిక అక్కడే ఉంటుంది, టిక్ పెట్టండి. లినక్స్‌లో ప్రయత్నిస్తే సీరియల్ పోర్టు తెరిచే అనుమతి కోసం మీ యూజర్‌ను డయల్‌ఔట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ రండి.

ఆ పొద్దున నాకు తొమ్మిది డైవ్‌లు వచ్చాయి. ఏడోదానిలో లోతు ఎలా మారిందో చూపే గీతను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. పైకి వచ్చే ముందు భద్రత కోసం 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగానని నోటుపుస్తకంలో నా చేతి రాత ఉంది. తెర మీది గీత మాత్రం ఆ మూడు నిమిషాల్లో రెండుసార్లు 3 మీటర్ల దాకా ఎగబాకి దిగింది. ఆ మర్నాడే శిక్షకుడికి అది చూపించి, పైకి తేలిపోకుండా నా నడుముకు ఎంత బరువు కట్టుకోవాలో మళ్లీ సరిచూసుకున్నాను. గరిష్ఠ లోతు, సమయం రాసుకున్నంత మాత్రాన ఇది తెలిసేది కాదు. మీ పదకొండు గీతలూ పోకూడదని నా కోరిక.

కేబుల్ ఒక్కదాన్నే పెట్టినప్పుడు డివైస్ మేనేజర్‌లో ఏ వరుస వచ్చిందో, అందులో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి. డైవ్ కంప్యూటర్ మోడల్ పేరు కూడా చెప్పండి. మీరూ చెన్నైలోనే ఉన్నారు కనుక, మీ మోడల్‌కు నా కేబుల్ సరిపోతే తెచ్చి ఇస్తాను.