స్టీల్ ప్లాంటుకి సీఐఎస్ఎఫ్ ఉంది, మరి నడిసముద్రంలో గ్యాస్ ప్లాట్‌ఫాంకి ఎవరు కాపలా?

"స్టీల్ ప్లాంట్లు, ఎయిర్‌పోర్టులు సీఐఎస్ఎఫ్ చూసుకుంటుంటే ఇక రక్షణ శాఖకి పనేముంది?" అని అడిగారు. నేల మీద వరకైతే మీ మాట చాలావరకు నిజమే. 1969లో మొదలైన సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) హోం శాఖ కింద ఉంటుంది, శ్రీహరికోటలో కాపలా కూడా వాళ్లదే. కరెంటు గ్రిడ్డు, బ్యాంకుల కంప్యూటర్ల మీద సైబర్ దాడుల సంగతి ఎన్‌సీఐఐపీసీ అనే కేంద్ర సంస్థ చూస్తుంది. అదీ రక్షణ శాఖది కాదు.

తీరం దాటితే మాత్రం లెక్క మారిపోతుంది. నేను కాకినాడ అవతల, కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌లో సముద్రం అడుగునుంచి గ్యాస్ తీసే ఒక ప్లాట్‌ఫాం మీద రేడియో రూములో పనిచేశాను. అక్కడ ప్రహరీ గోడ ఉండదు, పిలిస్తే పలికే పోలీస్ స్టేషనూ ఉండదు. ఉన్నదల్లా చుట్టూ 500 మీటర్ల సేఫ్టీ జోన్, అంటే బయటి బోట్లు రాకూడని మేర. ఆ గీత మా తెర మీద కనిపిస్తుంది గానీ నీళ్ల మీద కనిపించదు కదా! ప్లాట్‌ఫాం కాళ్ల చుట్టూ చేపలు బాగా చేరతాయి, రాత్రిపూట లైట్లకి మరీను. దాంతో వేట బోట్లు దగ్గరికి వచ్చేస్తాయి. ఓడలూ బోట్లూ అన్నీ వినే వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానల్లో "అన్నా, బోటు తిప్పెయ్యండి, కింద పైపులున్నాయి, వల తగులుకుంటాది" అంటే చాలామంది వెంటనే తిప్పేసేవాళ్లు. రేడియో సెట్టు ఆన్‌లో లేని బోటు దగ్గరికి మా స్టాండ్‌బై బోటు వెళ్లి మైకులో చెప్పేది. అప్పటికీ కదలకపోతే కోస్ట్ గార్డుకి కబురు. వాళ్ల డోర్నియర్ విమానం గస్తీకి వచ్చినప్పుడు చుట్టుపక్కల కొత్త ఓడలేమైనా ఉన్నాయా అని మమ్మల్ని రేడియోలో అడిగేది.

ఈ కోస్ట్ గార్డు రక్షణ శాఖదే. సముద్రంలో కట్టిన కట్టడాల రక్షణ వాళ్ల విధి అని 1978 నాటి చట్టంలోనే ఉంది. 2008లో ముంబై మీద దాడి చేసినవాళ్లు 'కుబేర్' అనే చేపల బోటును చేజిక్కించుకుని వచ్చారు. ఆ తర్వాత, 2009లో, తీరం నుంచి నడిసముద్రం దాకా మొత్తం సముద్ర భద్రత బాధ్యతను కేంద్రం నేవీకి అప్పజెప్పింది. కాపలా అంటే శత్రువుని ఆపడమొక్కటే అనుకోకండి. 2021 మేలో తౌక్తే తుఫానుకి ముంబై హై అనే సముద్రపు చమురు క్షేత్రం దగ్గర, పనివాళ్లుండే పీ-305 బార్జి మునిగినప్పుడు, అందులో ఉన్న 261 మందిలో 186 మందిని ఆ అలల్లోంచి నేవీ ముందుండి బతికించి తెచ్చింది.

నా అనుభవంలో మాత్రం ఈ కాపలాకి అసలు కళ్లు మత్స్యకారులే. తమది కాని బోటు కనిపిస్తే రాడార్ కన్నా ముందు వాళ్లే పోల్చుకుంటారు. గ్యాస్ కోసం వాళ్ల వేట చోటు మనమే తీసుకున్నాం, అలాంటివాళ్లని దొంగల్ని తరిమినట్టు తరిమితే రేపు ఏదైనా చూసినా ఎందుకు చెప్తారు? గౌరవంగా మాట్లాడాలి, నష్టపోయినదానికి పరిహారం సరిగ్గా అందాలి. మీకు తెలిసినవాళ్లు వేటకి వెళ్తుంటే 1554 నంబరు ఫోన్లో వేసుకోమనండి. అది కోస్ట్ గార్డుది, డబ్బులు పడవు.