జీడితోట కాపలా – అన్నం మూట ఎక్కడ ఉంచాలి?

ప్రశ్న: మాది మందస మండలంలోని ఉద్దానం పల్లె. జీడి కాపు కాలంలో రాత్రుళ్లు తోటలోని పాకలో పడుకుంటాము. ఎలుగుబంట్లు తిరుగుతున్నందున, వెంట తీసుకెళ్లే అన్నం, బెల్లం చెట్టుకు వేలాడదీస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. మన ఎలుగుబంటి తేనెపట్టు కోసం చెట్టు ఎక్కగలిగే జంతువు కనుక కొమ్మకు కట్టిన మూట దానికి అందుతుంది. అమెరికాలోని యోసెమిటీ అడవుల్లో గుడారాలు వేసుకునేవారు సైతం ఆహారాన్ని వేలాడదీయకూడదు, ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలోనే ఉంచాలి.

అన్నిటికన్నా మేలైనది ఇంటివద్దే భోంచేసి వెళ్లడం. తప్పనిసరైతే, మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి, పాకకు దూరంగా, మీరు రాత్రి నడిచే దారికి పక్కన కాకుండా ఉంచండి. తలకింద మాత్రం ఎన్నడూ పెట్టుకోవద్దు. ఎంగిలాకులు, చేపముళ్లు పాక చుట్టూ పారవేయకండి.

అయితే నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది మీ అన్నం మూట కాదు. గింజ వలిచాక పాక పక్కనే కుప్పపోసే జీడిపళ్లు, చెట్టుకిందే పగిలి పడి ఉన్న పనసపండు పులిసిన వాసనతో ఎలుగును నేరుగా మీ మంచం దగ్గరికి రప్పిస్తాయి. వాటిని పొద్దు గూకకముందే దూరంగా తరలించండి.

చీకటిలో టార్చి వేసుకుని, మాట్లాడుకుంటూ నడవండి, ఎందుకంటే ఎలుగు, ముఖ్యంగా పిల్లలను వీపున మోసే తల్లి, హఠాత్తుగా ఎదురుపడినప్పుడే ఎక్కువగా మీద పడుతుంది. కరెంటు తీగలు, విషపు ఎరలు పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ తీగ మనుషుల ప్రాణమూ తీస్తుంది.