అంట్లు ఎక్కడికీ పోవు

అమ్మడూ,

రోజూ పొద్దున్నే గంటసేపు కథలు రాసుకుంటానన్నావట, మీ అమ్మ ఫోన్ చేసింది. "ఇంటి పనెవరు చూస్తారు" అని తన గోల. నాకైతే మనసు పొంగిపోయింది. ఆ వెంటే గుబులూ పట్టుకుంది. దుప్పటి మీద ముడత ఉంటే నిద్రపట్టని రకానివి నువ్వు. అచ్చం నా పోలికే.

చిన్నవి ముందు చెప్పేస్తాను. బిల్లులన్నీ ఒకే రోజు కట్టెయ్. బట్టలు వారానికి రెండుసార్లు ఉతికితే చాలు. ఇంట్లో మిగతావాళ్లకూ చేతులున్నాయని గుర్తుచెయ్.

నా నలభయ్యో ఏట, సగంలో ఆగిన నవల పూర్తి చేద్దామని ఆఫీసుకు నెల సెలవు పెట్టాను. ముందు ఇల్లు సర్దుకుంటే మనసు కుదురుగా ఉంటుంది కదా అనుకున్నా. మొదటిరోజు కర్టెన్లు ఉతికాను. అవి తెల్లబడేసరికి కిటికీలు మురికిగా కనిపించాయి. కిటికీలయ్యాక అటక. అక్కడో డబ్బా నిండా పాత బొత్తాలు దొరికితే, రంగుల వారీగా వేరుచేస్తూ మధ్యాహ్నమంతా గడిపానంటే నమ్ముతావా? ఇరవై ఆరో రోజుకి ఇల్లు అద్దంలా ఉంది. కాగితాలు ముందేసుకున్నాను. ఒక్క వాక్యం కదిలితే ఒట్టు. నవల చెడగొడతానేమోనన్న భయంతో ఇన్నాళ్లూ చీపురు వెనక దాక్కున్నానని అప్పుడు గానీ తెలియలేదు. ఆ కాగితాలు ఇప్పటికీ అదే అటక మీదున్నాయి. దుమ్ము మాత్రం లేదులే.

అందుకే, లేవగానే సింకు వైపు చూడకు. అంట్లు ఆగుతాయి, వాటికి వేరే పనేముంది! రోజుకో గంటంటే ఏడాదికి 365 గంటలు. ఎనిమిదేసి గంటల లెక్కన 45 రోజుల పైమాటే, నా సెలవు కన్నా ఎక్కువ. రాత రాకపోతే ఊరికే కూర్చో. లేచి బీరువా సర్దావో, ఊరుకోను.

అలాగని పనిని మరీ చులకన చెయ్యకు. బట్టలు మడతపెడుతున్నప్పుడే నాకు మంచి వాక్యాలు తట్టేవి. దగ్గర్లో ఓ చిన్న పుస్తకం పెట్టుకో.

ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా: స్టవ్ మీద ఏదైనా పెట్టి రాయడానికి కూర్చోకు! రెండు గిన్నెలు మాడ్చినదాన్ని, నవ్వకు. ధ్యాసలో పడితే నీకు చెవులు పనిచెయ్యవు. చిన్నప్పుడు బొమ్మలు వేస్తుంటే ఎంత పిలిచినా పలికేదానివి కాదు. నేనే వెనక చేరి, నీ పెన్సిల్ ఆగకుండా జడలు అల్లేదాన్ని.

మొదటి కథ అవగానే పంపు. అచ్చుతప్పులు దిద్దను. మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాలే.

పెద్దమ్మ